బంతి రాకముందు చేయవలసిన పని



నేను నల్లచెరువు వాసిని. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి పొందినవాడను. చిన్నతనమున గురువుగారి యెదుట కూర్చుండి కావ్యములు, వ్యాకరణము, ఛందస్సు చదువుకొంటిని. అట్టి నేను టెన్నిసు ఆటను గూర్చి, ఆ యాటలో నొక్క దెబ్బను గూర్చి, ఆ దెబ్బలోను రాకెట్టును వెనుకకు దీయు భాగమును గూర్చి మాత్రమే ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. మా యూరి రచ్చకట్టమీద నొక పెద్దమనిషి, "పంతులుగారూ, ఈ వయస్సులో మీకు బంతాట యేల?" అని నన్నడిగెను. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయిన ప్రత్యుత్తరమే నేటి ప్రసంగము.

ఈ యాట మనకు క్రొత్తది. ఇంగ్లండులో వింగ్‌ఫీల్డను సైనికోద్యోగి 1874లో దీనికి పేటెంటు పొందెను. 1877లో వింబుల్డనున మొదటి పోటీ జరిగెను. ఆటస్థలము పొడవు 78 అడుగులు. ఇరువైపుల ఒక్కొక్కరే యాడునపుడు వెడల్పు 27 అడుగులు. నడుమ కట్టిన వల మధ్యభాగమున 3 అడుగుల యెత్తుండును. వలపైనుండి బంతిని ఆవలి గీతలలోపల పడునట్లు కొట్టవలెను; మన వైపునకు వచ్చిన బంతి రెండవమాఱు నేల తాకకముందే తిరిగి పంపవలెను. ధర్మమింతే. చాలకాలము ఇది దొరల క్లబ్బులలోను, అధికారుల బంగళాల వెనుకను ఆడబడుచుండెను. మనవంటి పల్లెవారికి దడిసందున చూచు వేడుకయే గాని యొండు లేదు.

ఆ కాలము గడచినది. అనంతపురములో విన్సెంటు ఫెర్రరను స్పెయిను దేశీయుడు 1969లో గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించెను. ఆయన 2009లో పరమపదించెను. మఱుసటియేట, 2010 అక్టోబరులో, ఆ దేశమువాడే యైన సుప్రసిద్ధ క్రీడాకారుడు రఫేల్ నడాల్ అనంతపురమునకు స్వయముగా వచ్చి, ఆ సంస్థతో గలిసి తన పేర నేర్పఱచిన టెన్నిసు పాఠశాలను ప్రారంభించెను. అచ్చట పేదపిల్లలకు ఆటతోబాటు ఇంగ్లీషును కంప్యూటరును కూడ నేర్పుదురు. వేరుసెనగ చేలలో కలుపు దీయువారి బిడ్డలు రాకెట్టు పట్టిరి. ఇక మన తెలుగుసీమలో హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2003లో వింబుల్డనున బాలికల జంటపోటీని గెలిచెను. 2015లో స్త్రీల జంటపోటీలలో ప్రపంచమున ప్రథమస్థానము నందెను. ఆమెకు పేరు దెచ్చినది నేను చెప్పబోవు దెబ్బయే. దానిని ఫోర్‌హాండు అందురు. కుడిచేతివాటము వారికి కుడిప్రక్కకు వచ్చిన బంతిని అరచేయి ముందునకుండగా కొట్టు దెబ్బ యది.

ఇక నా కథకు వచ్చెదను. నా కూతురు, అల్లుడు అనంతపురమున కాపురముందురు. వారి బిడ్డకు పదుమూడేండ్లు. ఆ పిల్ల పట్టణమున నొక యాటస్థలములో టెన్నిసు నేర్చుకొనుచున్నది. గడచిన చలికాలమున జరిగిన పోటీకి నన్నును తోడ్కొనిపోయిరి. నాకు ఆట తెలియదు. తెలియనివాడు ఊరకుండిన మర్యాదగా నుండును. నేను ఊరకుండలేదు. పిల్ల వెనుకబడినకొలది, "గట్టిగా కొట్టవే! గట్టిగా!" అని కేకలు వేసితిని. పిల్ల నా మాట విన్నది. గట్టిగా కొట్టినది. బంతులు కొన్ని వలలో పడినవి. కొన్ని గీత దాటి కంచెకు తగిలినవి. ఆట పోయినది. భుజము నొప్పియు బట్టినది.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట పిల్ల నా ప్రక్కను కూర్చుండి, "తాతా, నువ్వు గట్టిగా కొట్టమనేకొద్దీ నా చెయ్యి ఇంకా వెనక్కి పోయింది. చెయ్యి ముందుకొచ్చేలోపల బంతి దాటిపోయింది" అని మెల్లగా చెప్పినది. నేను తలవంచుకొంటిని. అల్లుడు దూరముననుండి, "మామా, ఖర్చున్నది, శ్రమయున్నది, ఇప్పుడు నొప్పియు వచ్చె. ఆడపిల్లకు ఇక చాలునేమో. వేసవి సెలవులకు మీ యొద్దకే వచ్చును గదా, చూచి మీరే చెప్పుడు. మీ మాటయే ఖాయము" అనెను. శ్రోతలారా, ఒక పిల్ల ఆట నిలుచుటయు నిలువకపోవుటయు ఆ యాట తెలియని ముసలివాని నోటిలో పెట్టబడినది. మన యిండ్లలో అనేక విషయములిట్లే జరుగుచుండును.

తెలియక తీర్పు చెప్పరాదని మఱునాడు ఆమెకు ఆట నేర్పు గురువు నొద్దకు పోయి యడిగితిని. ఆయన, "అయ్యా, దోషము కొట్టుటలో లేదు. అంతకుముందు రాకెట్టును దీయుటలో నున్నది" అనెను. నాకు సిగ్గయ్యెను. ముప్పదియైదేండ్లు పిల్లలచే పద్యములు వ్రాయించితిని. పాదము చివర గణము తప్పినయెడల చివరిమాటను దిద్దిన లాభము లేదనియు, దారితప్పిన మొదటి గణమును వెదకవలెననియు వందలమాఱులు చెప్పితిని. ఆ మాట నాకే ఆటస్థలమున గుర్తు రాకపోయెను.

రాకెట్టును వెనుకకు దీయుటను బ్యాక్‌స్వింగందురు. నేను దానిని వెనుకదీత యనెదను. పొట్టేలు ఢీకొనుటకు ముందు నాలుగడుగులు వెనుకకు తగ్గును. ఒడిసెల త్రిప్పువాడు ఱాయి విడుచుటకు ముందు చేతిని త్రిప్పును. వేగము కావలెనన్న వెనుకకు చోటు కావలెను. అయితే పొట్టేలు తనకు వలసినంతసేపు తగ్గవచ్చును; టెన్నిసాడువానికి ఆ స్వేచ్ఛ లేదు. బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చినయెడల సెకనుకు సుమారు 28 మీటర్లు పోవును. ఆటస్థలము పొడవు 24 మీటర్లకు తక్కువ. గాలియు నేలయు బంతిని కొంత నెమ్మదింపజేసినను, అంతయు కలిసి ఱెప్పపాటు వ్యవహారమే. అందులోనే చూచుట, తిరుగుట, తీయుట, కొట్టుట జరుగవలెను. కావున వెనుకదీత యెంత పెద్దదను ప్రశ్నకంటె, ఎప్పుడు మొదలైనదను ప్రశ్న ముఖ్యము.

మా పిల్ల వెనుకదీతలో మూడు దోషములున్నవి.

మొదటిది ఆలస్యము. బంతి వల దాటి తనవైపు నేల తాకినదాక కదలకుండి, అప్పుడు రాకెట్టును తీయుచుండెను. ఎదుటివాని రాకెట్టును బంతి విడిచినతోడనే, అది కుడికి వచ్చుచున్నదని తెలిసినతోడనే, ఈ పని మొదలు కావలెను.

రెండవది చేయి మాత్రమే వెనుకకు పోవుట. మేను ఎదుటికే నిలిచియుండగా చేయి యొక్కటి వెనుకకు లాగబడినయెడల భారమంతయు భుజముమీదను మోచేతిమీదను పడును. ముందు భుజములును నడుమును కలిసి ప్రక్కకు తిరుగవలెను. చేయి వానితోబాటు తనంతట తానే పోవును. దీనికి గురువు చూపిన యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. కుడిచేయి పిడిని పట్టియుండగా, ఎడమచేయి రాకెట్టు మెడను పట్టుకొనియుండవలెను. భుజములు తిరిగినదాక ఎడమచేయి విడువరాదు. రెండు చేతులును రాకెట్టుమీద నున్నంతవఱకు మేను తిరుగక చేయి వెనుకకు పోజాలదు. ఏ పనియు లేనిదనుకొన్న ఎడమచేయి పెద్ద కాపలాదారు.

మూడవది అతివిస్తారము. రాకెట్టు వీపు వెనుకకు పోయి, వచ్చుటకు దూరము పెరుగుచుండెను. చేయి తన కుడిప్రక్కనే యుండవలెను. వీపు చాటునకు పోరాదు. దీనికొక సాధన గలదు. గోడకు వీపు త్రిప్పి రెండు మూరల దూరమున నిలిచి, బంతి లేకుండ రాకెట్టును తీయవలెను. చేయి హద్దు మీఱినయెడల రాకెట్టు గోడకు తగులును. గోడ తిట్టదు, పొగడదు, అబద్ధమాడదు. అట్టి గురువు మఱి దొరకడు.

తీసిన రాకెట్టు తల మొదట చెవియెత్తున నుండును. అక్కడనుండి క్రిందికి దిగి, బంతికంటె తక్కువ యెత్తునకు వచ్చి, అచ్చటినుండి ముందునకును మీదికిని పోవలెను. ఇట్లు క్రిందినుండి మీదికి రాచినందున బంతి ముందువైపునకు దొర్లుచున్నట్లు గిఱగిఱ తిరుగుచు, వల దాటినపిదప వేగముగా క్రిందికి వంగి గీతలోపల పడును. గట్టిగా కొట్టినను బయటికి పోకుండుటకు ఇదియే రహస్యము. బంతిని తాకుట దేహమునకు కొంచెము ముందు జరుగవలెను. తీయుట, దించుట, కొట్టుట ఒకే వంపులో నడుమ నాగకుండ సాగిన బలము వృథాపోదు. గొడ్డలి యెత్తినవాడు దాని బరువునే దిగనిచ్చును గాని భుజబలముతో నేలకు తోయడు గదా; దించుటలో రాకెట్టు పనియు నిట్టిదే. అయితే మిక్కిలి వేగముగా వచ్చు బంతికి, ముఖ్యముగా ఎదుటివాని మొదటి దెబ్బకు, ఇంత వంపునకు వ్యవధి యుండదు. అప్పుడు భుజములు మాత్రము త్రిప్పి, రాకెట్టును కొలదిగా దీసి, వచ్చిన వేగమునే తిరిగి పంపవలెను.

వేసవిలో పిల్ల మా యూరికి వచ్చినది. ఖాళీగానున్న కళ్ళమే మా యాటస్థలము. పశువులకొట్టపు గోడయే గురువు. ఆమెకు వేళ కుదురలేదు. అప్పుడు నాకు తెలిసిన విద్య యొక్కటి పనికివచ్చెను. మూడు మాటలు కట్టితిని: తిరుగు, దించు, కొట్టు. మొదటిది మూడు లఘువులు. తక్కినవి రెండును గురువు, లఘువు. లెక్కకు మూడును మూడేసి మాత్రలే. నేను బంతి విసరుదును. నా చేతినుండి బంతి వెడలగానే ఆమె "తిరుగు" అనును, నేల తాకగానే "దించు" అనును, పిమ్మట "కొట్టు". తొలిదినములలో "కొట్టు" అను మాటనే బిగ్గఱగా అఱచుచు, తక్కిన రెండింటిని మ్రింగివేయుచుండెను. నేను నేర్పిన పాపమే యది. "తిరుగు" అను మాటను స్పష్టముగా పలుకుము, కడమాట మెల్లగా వచ్చినను పఱవాలేదంటిని. బంతి నెమ్మదిగా వచ్చిన మొదటిమాటకును రెండవమాటకును నడుమ విరామము పెరుగును. వేగముగా వచ్చిన తగ్గును. మాటలు మాఱవు, వరుస మాఱదు, విరామమొక్కటే మాఱును. పద్యము చదువుటలోను అంతే గదా!

ఇరువది దినములకు ఆమె రాకెట్టు గోడను తాకుట మానెను. నెల గడచునప్పటికి భుజమును పట్టుకొనుట మానెను. సెలవుల తరువాత మఱియొక పోటీ యాడినది. అందును ఓడినది; దాచి చెప్పుట నాకు తగదు. కాని ఈ మాఱు నేను నోరు మూసికొని చూచితిని. ఎదుటిపిల్ల రాకెట్టును బంతి విడిచినపుడెల్ల మా పిల్ల పెదవులు కదలుచుండెను. భుజములు తిరుగుచుండెను. బంతులు గీతలోపల పడుచుండెను. ఆమెకంటె బాగుగా ఆడినపిల్ల గెలిచినది. ఆట ముగిసిన పిమ్మట అల్లుడు నావంక చూచెను. "నాయనా, మొదటి గణము కుదిరినది. పాదము నడుమ ఆపింపవలదు" అంటిని. ఆమె ఇప్పటికిని ఆడుచున్నది.

పెద్దలారా! మన యూళ్ళ పిల్లలు ఇక ముందు మనకు తెలియని యాటలాడుదురు, తెలియని చదువులు చదువుదురు. అవి యుండవలెనా వలదా యని మన నడుగుదురు. ఆటస్థలము ప్రక్కను కూర్చుండునపుడు బంతి యెక్కడ పడినదని మాత్రమే చూడకుడు. బంతి రాకముందు పిల్ల యేమి చేయుచున్నదో చూడుడు. "గట్టిగా కొట్టు" అనకుడు. అనదలచిన "ముందుగా తిరుగు" అనుడు. ఓటమి చూచి తీర్పు చెప్పుటకు ముందు దోషమెచ్చట పుట్టినదో, అది దిద్దదగినదో కాదో, ఆ విద్య తెలిసినవానిని ఒక్కమాట యడుగుడు. నేను అడుగక కేకలు వేసిన దినమున ఒక పిల్ల భుజము నొచ్చినది. మీ రడిగిన దినమున ఒక పిల్ల ఆట నిలుచును.

సెలవు.