కాగితంలో ఉన్న మరుగుదొడ్డి



గుంటూరు చేలల్లో పచ్చిమిర్చి యూరప్ సూపర్ మార్కెట్‌కి పోవాలంటే చాలాచోట్ల గ్లోబల్ గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతారు. 1997లో అక్కడి దుకాణాల వాళ్లు యూరెప్ గ్యాప్ పేరుతో మొదలుపెట్టిందే ఇది. ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఎన్నాళ్లకు కోశారు, అంతా రాసిపెట్టాలి. బాగానే ఉంది. అదే కాగితంలో కోత కూలీలకు దగ్గర్లో మరుగుదొడ్డి, చేతులు కడుక్కోను నీళ్లు, మందు కొట్టేవాడికి ముసుగు, తొడుగులు కూడా ఉన్నాయి. మన తండాల ఆడవాళ్లు ఏ చేలో చూశారమ్మా ఇవి?

కౌలు చేసే మనోళ్లది ఇంకో తిప్పలు. 2019 చట్టంలో సాగు హక్కు కార్డు 11 నెలలకే, అదీ భూమి యజమాని సంతకం పెడితేనే. పెట్టకపోతే రిజిస్ట్రేషన్‌లో పంట ఎవరి పేరున ఎక్కుతుందో మీకు తెలుసు.

తనిఖీ రోజు చేలోనే ఉండండి. మరుగుదొడ్డి ఎక్కడని ఆడిటర్ అడిగితే, ముఠా మేస్త్రి నోరు తెరవకముందే చెప్పండి.