నాగావళి, మన పెరటి ట్యాంకు
(రాయగడ తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు మురుగునీటి మాట యేమిటని కొందరికి తోచవచ్చును. పంచాంగ శ్రవణంలో వానలెన్ని, పంటలెన్ని అని వింటాము గదా, ఆ వాననీరు మోసే నది సంగతి కూడా ఓ నాలుగు మాటలు వినండి. మేము చదివినది మెట్రిక్యులేషను, చేసేది రైల్వే గుమాస్తా పని. కనుక లెక్కలతోనే చెప్పుకుంటాము.

మన నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడను ఒరుసుకొని, తోటపల్లి దాటి, శ్రీకాకుళం మీదుగా కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. సుమారు 256 కిలోమీటర్ల నడక. మనలో చాలమంది మేనత్తలు, వియ్యాలవారు ఆ దిగువ ఊళ్లలోనే వున్నారు. పండుగకు వారికి అరిసెలు పంపుతాము. ఏటిలో మనం పంపేది మాత్రం యెవరమూ తలచము.

మురుగు పైపులు లేని పట్టణాలకు మనిషికి రోజుకు 70 లీటర్ల నీరన్నది 1999 నాటి సర్కారువారి కొలత. అందులో నూటికి 80 వంతులు మురుగవుతుందని ఇంజనీర్ల అంచనా. 2011 జనాభా లెక్కలకే మన పట్టణం 70 వేలు దాటింది. ఆ 70 వేలకే కట్టినా రోజుకు 39 లక్షల లీటర్లు! మా భాషలో చెప్పాలంటే, ఒక్కొక్కటి 70 వేల లీటర్లు పట్టే ట్యాంకు వ్యాగన్లు 56. రోజూ ఒక గూడ్సుబండి నిండా మురుగన్నమాట.

రైల్వే మాట వచ్చింది గనుక చెబుతాము. కొన్నేళ్ల క్రితం దాకా రైలుపెట్టెల మరుగుదొడ్లు తిన్నగా పట్టాలమీదికే; వంతెన వస్తే నదిలోకే. ఇప్పుడు పెట్టె క్రింద బయోటాయిలెట్ తొట్టి వున్నది. అందులోని సూక్ష్మజీవులు మలాన్ని కరిగించి నీరుగా, వాయువుగా మార్చివేస్తాయి. ప్రయాణికుడు చేయవలసినది యేమీ లేదు, సీసాలు, గుడ్డలు అందులో పడవేయకుండా వుంటే చాలు. (అదీ చేయరనుకోండి.)

ఇంటి సంగతి అట్లా కాదు. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుగున పేరుకుంటుంది, పైనీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. రెండు మూడేళ్లకొకసారి మడ్డి తీయించకపోతే అది నీటితోపాటే బయటికి వస్తుంది. మనమేమో ఇంకుడు గుంత ఖర్చుకు వెనుదీసి, గొట్టాన్ని వీధి కాలువలో కలిపివేస్తాము. ఇల్లు శుభ్రం, వీధి శుభ్రం; చివరికి భరించేది యేరు.

ఒడిశా ప్రభుత్వం పూరీ, భువనేశ్వరాలతో మొదలుపెట్టి చిన్న పట్టణాలకు కూడా ఈ మడ్డిని శుద్ధిచేసే కేంద్రాలు కట్టించింది. లారీ తెచ్చిన మడ్డిని తొట్టెలలో తేరనిచ్చి, ఎండబెట్టి, ఎరువుగా చేస్తారు. తేరిన నీటిని కంకర, రెల్లుమొక్కల గుండా వడకడతారు. అనేకచోట్ల స్వయం సహాయక సంఘాల స్త్రీలే వీటిని నడుపుతున్నారు. మెచ్చుకోదగిన పనే. కాని లారీ మోసేది మడ్డిని మాత్రమే. వంటింటి నీరు, స్నానాల నీరు, బట్టలుతికిన నీరు కాలువల వెంట పోతూనే వున్నవి. వాటికి వేరే యేర్పాటు కావాలి.

స్నానానికి పనికివచ్చే నదినీటిలో బి.ఓ.డి. లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు. అనగా, నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి పట్టే ప్రాణవాయువు అంతకు మించరాదు. ఇంటి మురుగులో అది 200 పైచిలుకు. నిండు ప్రవాహం దానిని పలచబరచి సర్దుకుంటుంది. వేసవిలో నాగావళి సన్నబడినప్పుడు ఆ సర్దుబాటుకు నీరేదీ?

అందుచేత మా మనవి ఒక్కటే. వానలు పడక ముందే ట్యాంకు తీయించండి. మనిషిని లోపలికి దింపవద్దు. అది 2013 చట్టం నిషేధించిన పని, ప్రాణాలు తీసే పని. మునిసిపాలిటీ అనుమతి వున్న లారీనే పిలవండి. మడ్డి యెక్కడ పోస్తావని డ్రైవరును అడగండి. ఊరి బయట గెడ్డలో అంటే ఆ బేరం వద్దు.

మన సంఘ భవనం వెనుక ట్యాంకు యెప్పుడు తీయించారో జమాఖర్చుల పుస్తకంలో మాకు కనబడలేదు. ఈ యేటి పండుగ చందాలలో మిగిలినది ముందుగా దానికే కేటాయించాలని కార్యవర్గం ముందు ప్రతిపాదిస్తున్నాము. బలపరచేవారు లేవండి.