పండుగ కానుక: గోడ మీది వాక్యం, గుండెలోని వాక్యం

సమస్త స్తోత్రాలూ మనలను పుట్టించి, పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి శుభాలు వర్షించుగాక!





ఇది రమజాన్ మాసపు చివరి శుక్రవారం. పండుగ మన వాకిట నిలిచి ఉన్నది. బజారులు రాత్రంతా మేలుకొని ఉంటున్నాయి. బట్టలు, అత్తరు, ఖర్జూరాలతో పాటు ఈ కాలంలో మరొక వస్తువు పండుగ కానుకగా విరివిగా చేతులు మారుతున్నది. అది గోడకు తగిలించే చిత్రపటం. అల్లాహ్ నామం, ఆయతుల్ కుర్సీ, కాబా గృహం, మదీనా పచ్చ గుమ్మటం – వీటిని బంగారు రంగు చట్రాలలో బిగించి అమ్ముతున్నారు. కొత్తగా ఇల్లు కట్టుకున్న తమ్ముడికి, అత్తవారింట అడుగుపెట్టిన కూతురికి మనం ప్రేమతో వాటిని కొనిపెడుతున్నాము. ఈ కానుకను ఎలా ఎంచుకోవాలి, ఏ సంకల్పంతో ఇవ్వాలి అనే విషయాన్ని ఈ రోజు ఆలోచిద్దాము.

కానుక ఇచ్చి పుచ్చుకోవడం మన ధర్మంలో చిన్న విషయం కాదు. కానుకలు పరస్పర ప్రేమను పెంచుతాయని దైవప్రవక్త (స) బోధించారు. పొరుగింటి నుండి వచ్చినది గొర్రె గిట్టంత స్వల్పమైనదైనా దానిని తక్కువగా చూడవద్దని ఆయన స్త్రీలకు ఉపదేశించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. కనుక కానుక విలువ దాని ధరలో లేదు. ఇచ్చేవాని మనసులోనూ, పుచ్చుకునేవానికి కలిగే మేలులోనూ ఉన్నది.

సోదరులారా! గోడల అలంకరణ గురించి దైవప్రవక్త (స) ఇంటిలోనే జరిగిన ఒక సంఘటన ఉన్నది. ఆయన ఒక ప్రయాణం నుండి తిరిగి వచ్చేసరికి హజ్రత్ ఆయిషా (రజి) ద్వారానికి ఒక వస్త్రం వేలాడదీసి ఉన్నారు. ఆయన ముఖంలో అయిష్టత కనిపించింది. దానిని లాగివేసి, రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనలను ఆదేశించలేదని తెలియజేశారు. ఆమె ఆ వస్త్రాన్ని కోసి, ఖర్జూరపు పీచు నింపి రెండు దిండ్లు కుట్టారు. దానిని ఆయన ఆక్షేపించలేదు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. గోడను అలంకరించడం నిషిద్ధమని కాక, అది విశ్వాసి మనసును ఆక్రమించే పని కారాదని ఇందులో ధార్మిక పండితులు గ్రహించారు. గోడ మీద వ్రేలాడినప్పుడు కంటికి మాత్రమే పనికివచ్చిన వస్త్రం, దిండుగా మారి మనిషికి విశ్రాంతినిచ్చింది. అలంకారం కన్నా ఉపయోగం మిన్న అన్న పాఠం ఇందులో లేదా?

మరొక సంఘటన వినండి. అబూ జహ్మ్ (రజి) అనే సహచరుడు ఆయనకు గీతల అల్లికలున్న దుప్పటిని కానుకగా ఇచ్చారు. దానిని కప్పుకొని నమాజు చేస్తుండగా దృష్టి ఆ అల్లికల మీదికి పోయింది. నమాజు ముగియగానే దానిని అబూ జహ్మ్ వద్దకు తిరిగి పంపి, బదులుగా ఆయన వద్దనున్న సాదా దుప్పటిని తెప్పించమన్నారు. కానుకను ఊరక తిప్పిపంపితే ఇచ్చినవాని మనసు నొచ్చుకుంటుంది. కాబట్టి మరొకటి అడిగి తీసుకున్నారని వ్యాఖ్యాతలు వివరించారు. నమాజులో ఏకాగ్రతను కాపాడుకున్నారు, స్నేహితుని హృదయాన్నీ కాపాడారు. మన ఇంటిలో ఖిబ్లా వైపు గోడకు తళతళలాడే పటం తగిలించే ముందు ఈ సంఘటన గుర్తుకు రావాలి. మనం ఇచ్చిన పటం బంధువుల ఇంటి గోడ మీద కనిపించకపోతే నిష్ఠూరమాడే ముందు కూడా గుర్తుకు రావాలి.

అందమైన లిపి మన సముదాయానికి గొప్ప వారసత్వం. బాగ్దాదులో మంత్రిగా పనిచేసి 940లో మరణించిన ఇబ్న్ ముఖ్లా, కలం మొన పెట్టే చుక్కను కొలతగా తీసుకొని అక్షరాల నిష్పత్తిని స్థిరపరిచాడు. మన హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల మీద శిలలో చెక్కిన లిపిని నేటికీ చూడవచ్చు. ఛత్తా బజారులో ఖుష్‌నవీసులు తరతరాలుగా కలం పట్టారు. చేతితో వ్రాసిన చిన్న ఫలకం కొని ఇవ్వగలిగితే, కానుకతో పాటు ఒక కళాకారుని ఇంట పండుగ వెలుగు నింపినవారమవుతాము.

అయితే ఖుర్ఆన్ వాక్యాలను గోడల మీద వ్రాయడాన్ని ఇమామ్ నవవీ వంటి పండితులు ఇష్టపడలేదు. తగిన గౌరవం పాటిస్తే అభ్యంతరం లేదన్నవారూ ఉన్నారు. ఈ భేదాన్ని కలహానికి కారణం చేయకండి. ఇరువురి ఉద్దేశమూ ఒక్కటే: దైవవాక్కుకు అగౌరవం కలగరాదు. తగిలించదలచుకున్నవారు చెప్పుల అరమర పైన గాని, స్నానాల గది గోడకు గాని, నవ్వులాటల టెలివిజన్ నెత్తిన గాని దానిని ఉంచవద్దు. ఆయతుల్ కుర్సీ పటం తగిలించితే దిష్టి తగలదని, దొంగ రాడని భావించవద్దు. ఏ ఇంటిలో బఖరా సూరా పారాయణం జరుగుతుందో ఆ ఇంటి నుండి షైతాను పారిపోతాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. పారాయణం జరిగే ఇల్లు అన్నారు గాని, పటం వ్రేలాడే ఇల్లు అనలేదు.

సోదరులారా! ఇక నా మాట ఒకటి చెప్పుకోవాలి. నాకు మొదటి జీతం అందిన సంవత్సరం, పండుగకు మా మామూ ఇంటికి ఆయతుల్ కుర్సీ పటం తీసుకువెళ్లాను. బజారులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది అది. మామూ దర్జీ. రెండు గదుల అద్దె ఇల్లు. దానిని కుట్టు మిషను పైన గోడకు తగిలించుకున్నారు. కొన్ని సంవత్సరాల తర్వాత ఒక పండుగనాడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, "బేటా, రోజూ దీని కిందనే కూర్చుని కుడుతున్నాను. ఇందులో అల్లాహ్ ఏమంటున్నాడో కాస్త చెప్పు" అని అడిగారు. నేను గడగడా అరబీలో వినిపించాను. ఆయన చిరునవ్వుతో, "చదవడం నాకూ వచ్చు బేటా" అన్నారు.

ఆ రోజు నేను తలదించుకొని ఇంటికి వచ్చాను. నాకే తెలియని మాటను మరొకరికి కానుకగా ఇచ్చాను! మరుసటి వారం తెలుగు అనువాదం చేతపట్టుకొని వెళ్లాను. ఆయన మిషను ఆపి విన్నారు. అల్లాహ్‌ను కునుకు గాని నిద్ర గాని తాకదన్న భావం వచ్చినచోట ఆపించి, మళ్లీ చదవమన్నారు. పండుగ ముందు రాత్రులన్నీ నిద్ర మానుకొని ఊరివారి బట్టలు కుట్టే మనిషి ఆయన. తాను మేలుకొని ఉన్న రాత్రులలో తనను చూసేవాడు ఒకడున్నాడని ఆయనకు ఆ క్షణాన తోచింది. పటం ఇచ్చి ఎన్నో ఏళ్లయినా, కానుక చేరింది మాత్రం ఆ రోజే.

కనుక ఈ పండుగకు పటం కొనేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. మొదట, అందులోని వాక్యం అర్థం మీరు నేర్చుకోండి. దానిని తెలుగులో ఒక కాగితం మీద మీ చేతితో వ్రాసి పటంతో పాటు ఇవ్వండి. రెండవది, అక్షరాలను హాఫిజ్‌కు గాని ఆలిమ్‌కు గాని చూపించండి. అరబీ తెలియనివారు యంత్రం మీద ముద్రించిన పటాలలో అక్షరాలు విడిపోవడం, చుక్కలు తప్పిపోవడం జరుగుతున్నది. మూడవది, ప్రాణుల రూపాలున్న బొమ్మలను, బురాఖ్ పేరిట స్త్రీ ముఖంతో వేసిన చిత్రాలను పవిత్రమైనవని కొనవద్దు. నాలుగవది, గోడకు మేకు కొట్టనివ్వని అద్దె ఇంటివారికి పెద్ద పటం భారమే అవుతుంది. బల్ల మీద నిలిపే చిన్న ఫలకం చాలు. ఐదవది, ముస్లిమేతర పొరుగువారిని మరవవద్దు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తన ఇంట గొర్రెను కోసినప్పుడు యూదు పొరుగువానికి పంపారా అని మరీ మరీ అడిగారు. అయితే వారికి మర్యాద నియమాలు తెలియని ఆయత్ పటం ఇచ్చి ఇబ్బంది పెట్టకుండా, షీర్ ఖుర్మా గిన్నెతో చిరునవ్వుతో వెళ్లండి.

అన్నిటికన్నా ముందు ఫిత్రా దానం. అది పండుగ నమాజుకు ముందే పేదల చేతికి చేరాలి. పక్కింటి పొయ్యి వెలగనప్పుడు మన గోడ మీద మెరిసే పటం మనకు సాక్షిగా నిలుస్తుందో, ప్రతికూలంగా నిలుస్తుందో ఆలోచించండి.

ఓ అల్లాహ్! మా ఉపవాసాలను, మా కానుకలను స్వీకరించు. నీ వాక్కును మా గోడల మీద కన్నా ముందు మా హృదయాలలో నిలుపు. మా పిల్లలకు దాని అర్థం, దాని ఆచరణ ప్రసాదించు. ఆమీన్.