బేత్లెహేము పొలము – మన ప్రేమ విందు

వాక్యభాగము: రూతు 2:14–18, మత్తయి 25:35–40



డిసెంబరు వచ్చిందంటే మన కోడుమూరు ప్రాంతంలో రెండు పనులు ఒక్కసారే మొదలవుతాయి. ఒకవైపు చర్చిలకు సున్నం కొట్టడం, స్టార్లు కట్టడం, క్యారల్స్‌కు తిరగడం. మరోవైపు మూటాముల్లె సర్దుకొని సుగ్గికి పోవడం. వాన మోసం చేసిన సంవత్సరమైతే చెప్పనక్కరలేదు. కోడుమూరు, దేవనకొండ, ఆస్పరి, కోసిగి వైపుల నుండి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు, ప్రకాశం వైపు బండ్లెక్కుతాయి. ఇంటి దగ్గర మిగిలేది ఎవరు? అవ్వ, తాత, బడికి పోయే ఒక మనుమడో మనుమరాలో. అందుకే మన సంఘాల ప్రేమ విందులో, దుప్పట్ల పంపిణీలో, వరుసలో నిలబడేవారిలో తల నెరిసినవారే ఎక్కువ.

ఈ సంవత్సరం కూడా మీలో అనేకులు, ముఖ్యంగా యౌవనస్థులు, ఆ పనికి వాలంటీర్లుగా పేర్లు ఇచ్చియుంటారు. దేవునికి స్తోత్రము. బియ్యం మూటలు మోసేవారు, టోకెన్లు పంచేవారు, పొయ్యి దగ్గర పొగలో నిలబడి కళ్ళు నులుముకొనేవారు, మీతోనే ఈ వేళ మాట్లాడదలచాను. మిమ్మును లూకా రెండవ అధ్యాయములోని పశువుల తొట్టి యొద్దకు తీసుకొని వెళ్ళకముందు, అదే బేత్లెహేములో దానికి ఎన్నో తరములకు ముందున్న ఒక పొలములోనికి తీసుకొని వెళ్ళాలి.

బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు అని అర్థము. ఆ రొట్టెల ఇంటిలోనే కరవు వచ్చిందని రూతు గ్రంథము మొదటి వచనములోనే చదువుతాము. ఎలీమెలెకు, నయోమి ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మోయాబుకు వలస పోయారు. మన మాటలో చెప్పాలంటే సుగ్గికి పోయారు. పోయినవారు నలుగురు, తిరిగి వచ్చింది నయోమి ఒక్కతే, వెంట మోయాబీయురాలైన కోడలు రూతు. యవల కోత మొదలైన దినములవి. పరిగె ఏరుకోవడానికి రూతు పొలానికి వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కోత కోసేటప్పుడు పొలము అంచులు పూర్తిగా కోయకూడదని, రాలిన పరిగె ఏరుకోకూడదని, అది బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించాడు. బీదవాడు ఇంటి వాకిట చెయ్యి చాపే ఏర్పాటు కాదది. తన చేతులతో ఏరుకొని, తన కొంగులో కట్టుకొని, తన ఇంటికి తీసుకొని వెళ్ళే ఏర్పాటు. రొట్టెతోబాటు మర్యాద కూడా మిగలాలని దేవుని ఉద్దేశము. బోయజు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆమె కొరకు పనలలోనుండి కొన్ని కంకులు కావాలనే విడిచిపెట్టమని, ఆమెను అవమానపరచకూడదని, గద్దింపకూడదని పనివారికి ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పనివారే, నా తమ్ములారా చెల్లెళ్ళారా, బేత్లెహేములో మొదటి వాలంటీర్లు!

కొన్ని సంవత్సరముల క్రితం ఒక గ్రామ సంఘములో జరిగిన ప్రేమ విందు చెబుతాను. తెల్లవారకముందే ఒక అవ్వ వచ్చి వంట దగ్గర కూర్చుంది. "అవ్వా, భోజనము మధ్యాహ్నము, అంతవరకు ఇంటికాడ ఉండు" అన్నాము. "ఊరికే తినేకి మనసొప్పదు అయ్యగారూ, ఎర్రగడ్డలన్న కోస్తా, కత్తిపీట ఇటు ఈండి" అంది. మధ్యాహ్నము వరకు కోసింది. తరువాత విస్తరి ముందు కూర్చొని నాలుగు ముద్దలు తిని, మిగిలిన అన్నం కొంగులో కట్టుకుంటూ ఉండగా వాలంటీరు పిల్లవాడు చూశాడు. "ఈడ్నే తినాల అవ్వా, కట్టుకపోకూడదు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, వాడికి ఎవరో చెప్పిన నియమమది. ఇంకా మూడు పంక్తులు కూర్చోవలసి ఉంది. అవ్వ కొంగు విప్పబోయింది. "మీ తాత మంచంలో ఉండాడు నాయనా" అని మాత్రము అంది. వడ్డిస్తున్న ఒక సహోదరి క్యారియరు తెచ్చి నిండా అన్నం, కూర పెట్టి, ఆ పిల్లవాని చేతికే ఇచ్చి అవ్వ వెంట పంపింది.

మరి రూతు ఏమి చేసింది? బోయజు పేలాలు అందించగా ఆమె తిని, తృప్తిపొంది, కొంత మిగిల్చి అత్తకు తీసుకొని వెళ్ళింది. పరిశుద్ధాత్ముడు అంత చిన్న సంగతిని కూడా గ్రంథములో వ్రాయించాడు. పొలములో ఆమెను ఎవరును ఆపలేదు. ఆ రూతుకు ఓబేదు పుట్టెను. ఆ వంశములోనే దావీదు, అదే బేత్లెహేములో క్రీస్తు. మత్తయి మొదటి అధ్యాయములోని వంశావళిని మనము త్వరగా చదివి దాటిపోతాము గాని, పరిగె ఏరుకొన్న పరదేశి స్త్రీ పేరు అందులో ఉన్నది.

ఈ మర్యాద మన తెలుగు సంఘ చరిత్రలో కూడా కనబడుతుంది. 1876–78 కరవు మన పెద్దల నోట విన్నవారున్నారు. 1871 లెక్కలకు, 1881 లెక్కలకు మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయింది. ఆ దినములలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని చూపించి కూలి ఇప్పించారు. అప్పుడే వేలమంది బాప్తిస్మము కోరారు. ఆయన ఒప్పుకోలేదు. కూటికోసం వచ్చారన్న మాట వారిమీద పడకూడదని, సహాయము సాగినంతకాలము ఆపారు. కరవు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అన్నం పెట్టి, దానికి బదులుగా ఏమీ అడగకుండా ఉండటం చాలా కష్టమైన క్రమశిక్షణ. దుప్పటి ఇచ్చి ఫొటోకు నిలబడమంటున్నామే, అదీ బదులు అడగడమే కదా?

ఇక పశువుల తొట్టి యొద్దకు రండి. దేవుని కుమారుడు ఈ లోకమునకు ఇచ్చేవాడుగా వచ్చాడని మనము ప్రకటిస్తాము. నిజమే. అయితే మొదటి రాత్రి ఆయన పుచ్చుకొనేవాడుగా ఉన్నాడు. పొత్తిగుడ్డలు ఒకరు చుట్టాలి, పాలు ఒకరు ఇవ్వాలి, పండుకొనే చోటు ఒకరు చూపాలి. పెద్దవాడైన తరువాత సమరయ స్త్రీని నీళ్ళడిగాడు. స్త్రీలు తమకు కలిగిన ఆస్తితో ఆయనకు ఉపచారము చేశారని లూకా 8వ అధ్యాయము చెబుతుంది. పుచ్చుకోవడంలో ఉన్న సిగ్గును ఆయన ఎరుగును. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినప్పుడు మన వారు అనేకులు కూడా దానిని ఎరిగిరి. నిన్నటిదాకా బియ్యం ఇచ్చిన చేతులే ఆ వారము పొట్లము కొరకు చాచవలసి వచ్చింది. మత్తయి 25లో రాజు తానే ఆకలిగొంటినని, పరదేశినై యుంటినని చెప్పినప్పుడు నీతిమంతులు ఆశ్చర్యపోతారు. వడ్డించేటప్పుడు ఆయన తమ పంక్తిలో కూర్చున్నాడని వారికి తెలియదు.

కాబట్టి ప్రియులారా, ఈసారి విందులో టోకెను నంబరుతో కాదు, పేరుతో పిలవండి. మీకంటె పెద్దవారు వచ్చినప్పుడు లేచి దుప్పటి అందించండి. మంచము పట్టినవారి ఇండ్ల పట్టిక ముందే వ్రాసుకొని, మొదటి డేగిసా దించగానే వారికి పంపండి, చివర మిగిలినది కాదు. పని అడిగినవారికి పని ఇవ్వండి. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఈ ప్రసంగము వింటున్న సహోదరులారా, మీతో ఒక మాట. మీ ఊరి చేలల్లో గుడిసెలు వేసుకొన్నవారు మా వారు. 25వ తేదీన మిమ్మును ఎరుగని ఊరిలో వారు పండుగ చేసుకోవాలి. ఆ సాయంకాలము ఎవరైనా అక్కడికి నడచి వెళ్ళి, చర్చికి రమ్మని పిలుస్తారా?

ప్రార్థన చేసుకొందము. పరలోకపు తండ్రీ, ఈ రాత్రి బండ్లమీద చలిలో పోవుచున్నవారిని కాపాడుము. వారు విడిచిపోయిన అవ్వలను తాతలను, బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. వడ్డించు చేతులకు మృదుత్వమును, మా నోళ్ళకు మంచి మాటను దయచేయుము. బేత్లెహేములో పుట్టిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.