మడమల పగుళ్ళు

నల్లగొండ జిల్లాలోని పెద్దవూర నాగార్జునసాగరమునకు చేరువనున్న గ్రామము. 1967వ సంవత్సరమున సాగరపు కాలువలకు నీరు విడిచిన పిదప మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరిసాగు విస్తరించినది. నాట్ల దినములలో ఇచ్చటి స్త్రీలు ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు పిక్కలబంటి బురదలో నిలిచి పనిచేయుదురు. దినమెల్ల నీట నానిన పాదములు మెత్తగా నుండవలెను గదా! కాని వారి మడమలు ఎండిన చెఱువునేలవలె బీటలు వారియుండును. ఈ వింతకు కారణమేమో నేడు విచారింతము.

మన చర్మమున చాల భాగమునకు జిడ్డును స్రవింపజేయు గ్రంథులు కలవు. అరికాలికి అవి లేవు. చెమట గ్రంథులు మాత్రమే కలవు. పదేపదే తడిసి ఆరుటవలన పైపొరలోని సహజమైన తేమ నశించును. అట్లెండిన చర్మము మందమై బిరుసెక్కును. మనము నిలిచినపుడు శరీరభారముచే మడమక్రింది కొవ్వు ప్రక్కలకు ఒత్తిగిలును. సాగలేని చర్మము అపుడు చిట్లును. కావుననే వట్టికాళ్ళతో తిరుగువారికి, వెనుక పట్టీలేని చెప్పులు తొడుగువారికి, స్థూలకాయులకు ఈ బాధ హెచ్చు.

చికిత్స కష్టమైనది కాదు. రాత్రి పరుండబోవుటకు ముందు పాదములను 10, 15 నిమిషములు గోరువెచ్చని నీటిలో నుంచవలెను. మిక్కిలి వేడినీరు కూడదు. పిమ్మట గరుకురాతితో మెల్లగా రుద్ది, మెత్తని గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకమునుపే వాజలైను గాని కొబ్బరినూనె గాని పట్టింపవలెను. ఇచ్చటనే పలువురు పొరబడుచున్నారు. ఎండిన మడమకు ఎంత నూనె రాచినను ఫలము స్వల్పము. నూనె తేమను పుట్టింపదు; ఉన్న తేమను పోనీయక కాపాడును. తరువాత నూలు మేజోళ్ళు తొడిగి నిద్రింపవలెను. వ్రేళ్ళ సందులను మాత్రము నూనె రాయక, పొడిగా తుడువవలెను. చర్మము మిక్కిలి మందమైనచో వైద్యుని సలహాపై యూరియా కలిసిన లేపనమును వాడవచ్చును. బ్లేడుతో చెక్కుట అపాయకరము.

“పగులే గదా” యని ఉపేక్షింపరాదు. లోతైన పగులు రోగమునకు తెఱచిన ద్వారము. మట్టిలో, పేడలో ధనుర్వాతపు సూక్ష్మజీవులుండును. కనుక సేద్యము చేయువారు టీకాను కాలానుసారముగ వేయించుకొనవలెను. మధుమేహమున్నవారికి ప్రమాదము మఱింత అధికము. వారి పాదములకు కొన్నిపట్ల స్పర్శజ్ఞానము తగ్గును. నొప్పి తెలియదు, పుండు పెరుగును, తుదకు కాలు తీయవలసిన స్థితియు కలుగవచ్చును. వారు పాదములను నానబెట్టుట, రాతితో రుద్దుట మానవలెను. నెత్తురు, చీము, వాపు కనబడినను, రెండు మూడు వారములలో పగుళ్ళు మానకున్నను ఎవరైనను వైద్యుని చూడవలెను.

కూలి పోవునను భయముచే ఎందఱో తల్లులు కుంటుచునే పొలమునకు పోవుదురు. నొప్పియని నోటితో చెప్పరు. కావున శ్రోతలకు మేము చేయు మనవి యొక్కటే: ఈ రాత్రి మీ యింటి పెద్దల అరికాళ్ళను దీపపు వెలుగున ఒక్కమారు చూడుడు. వారు చెప్పని మాటను ఆ పాదములే చెప్పును.