పేరు, ప్రాణము: రొయ్యగుంటల సూక్ష్మజీవులను గూర్చి అధ్యక్షోపన్యాసము



లిన్నేయసు సూక్ష్మజీవుల నన్నిటిని 'కేయాస్' అను నొక్క గంపలో వేసినది మొదలు, 1884లో గ్రాము వానిని రంగుచేత విభజించుట, 1977లో వోజు రైబోజోము ఆర్‌ఎన్‌ఏను జదివి ఆర్కియాలను వేరుపఱచుట వఱకు గల చరిత్ర మీ రెఱుగనిది కాదు. నా జీవితమెల్ల నన్ను విడువని ప్రశ్న మఱియొకటి: మనము పేరు పెట్టునది దేనికి?

1994లో తెల్లమచ్చ తెగులు మన తీరమును ముట్టినప్పుడు, కండలేరు వాగు గట్టున నిలిచి, నిన్న సాయంకాలము వఱకు మేత తినిన టైగరు రొయ్యలు తెల్లవాఱునప్పటికి గట్టువారగా తేలియుండుట చూచితిని. ఆనాడు దానిని బాక్యులోవైరసు అనుకొంటిమి. తరువాత అది ఆ కుటుంబమునకు చెందదని తేలి, నీమావిరిడే అను కొత్త కుటుంబము నేర్పఱచిరి. ఈహెచ్‌పీ అను రొయ్యల పరాన్నజీవి విషయమును అట్టిదే; అది మైక్రోస్పోరిడియాలలోనిది. మనము చదువుకొన్న నాడు ప్రోటోజోవాలలో నున్న ఆ వర్గము నేడు శిలీంధ్రముల పక్షమున చేరినది.

ఇప్పుడు విబ్రియో అను బాక్టీరియాల మాట. రైతు సీసాలో నీరు తెచ్చును. ప్రయోగశాలలో దానిని టీసీబీఎస్ అను పోషకమాధ్యమపు పళ్లెముపై పూసి, మఱునాడు "గ్రీన్ కాలనీ లెక్కువగా నున్నవి, మందు వేయు"మని చెప్పి పంపుదురు. ఆ రంగు తెలుపునది ఆ జీవి సుక్రోజును పులియబెట్టునో లేదో యన్నది మాత్రమే. కలరాను గలిగించు విబ్రియో పసుపురంగు కాలనీల నిచ్చుననియు, ఆకుపచ్చ కాలనీలలో నిరపాయకరములు ననేకము లుండుననియు మనకు తెలియును. తెలిసియు రంగునే రోగనిర్ణయముగా రైతు చేతికిచ్చుట అపరాధమని యీ వేదికనుండి నేను స్పష్టముగా చెప్పుచున్నాను.

జాతినామము తెలిసినను చాలదు. రొయ్య కాలేయమును నాశనము చేయు ఏహెచ్‌పీఎన్‌డీ వ్యాధికి హేతువు విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో నిరూపింపబడినది. కాని విషమును దయారుచేయు పిర్-ఏ, పిర్-బీ జన్యువులు సుమారు 70 వేల అక్షరముల యొక ప్లాస్మిడుపై నున్నవి. అది లేని పారాహీమోలిటికస్ ఆ వ్యాధిని దేదు. అట్టి ప్లాస్మిడు హార్వెయి, కాంప్‌బెల్లి, ఓవెన్సి జాతులలోను కనబడినది. కావున ఈ గుంటలోని యీ జీవియే, ప్రాణముతో, మన చేతిలో నుండవలెను.

2022లో వచ్చిన సెక్‌కోడ్ అను నామకరణనియమావళి, సజీవసంవర్ధనము లేకున్నను, జన్యుక్రమమునే నామమునకు ప్రమాణముగా నంగీకరించినది. దానిని కొనియాడు పండితు లీ సభలో నున్నారు. ప్రయోగశాలలో పెరుగని జీవులే లోకమున నధికమన్న వారి మాట సత్యమే. కాని అక్షరముల వరుసను రొయ్యకెక్కించి, అది చచ్చునో బ్రతుకునో చూడగల ఉపాయమును వారు చెప్పలేదు. ప్రాణముతో నున్న జీవి విలువ కొక ఉదాహరణము: 2005లో హైదరాబాదునుండి ఎగురవేసిన బెలూను పట్టితెచ్చిన జీవులకు శాస్త్రవేత్త శివాజీగారి బృందము 2009లో బాసిల్లస్ ఆర్యభట్టై, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ మున్నగు పేర్లు పెట్టెను. పిమ్మట మొదటిది ప్రీస్టియాలోను, రెండవది సోలిబాసిల్లస్‌లోను చేరినవి. ఆ జీవులు సంవర్ధనకేంద్రములలో బ్రతికియున్నవి గనుక, పేరు మాఱినను వానిని మరల పరీక్షింపవచ్చును. భీమిలి సముద్రజలపు పెంపకపుచెఱువులో దొరకిన మారిక్రోమాటియం భీమ్లికం అను బాక్టీరియా తన యూరిపేరును శాస్త్రమున నిలిపినది. మన గుంటల జీవుల మాట యేమి?

నాకును ఒక నష్టము కలదు. తెల్లమచ్చ యేండ్లలో కృష్ణపట్నమునుండి ఇసకపల్లి వఱకు తిరిగి సేకరించిన నా విబ్రియోలను ఒక సంస్థ శీతపేటికలో దాచితిని. ఒక వేసవిలో మూడు దినములు కరెంటు లేక అవి యన్నియు నశించినవి. తెగుళ్లు మాఱి, టైగరు పోయి, 2009 తరువాత వెనామీ రొయ్య వచ్చెను. ఆనాటి గుంటలలో నేమి బ్రతికెనో నేడు మరల పరీక్షించుటకు నాయొద్ద ఒక్క గొట్టమైన లేదు. నోటుపుస్తకము లున్నవి. వానిలో 'ఆకుపచ్చ', 'పసుపు' అని వ్రాసికొన్నాను.

కనుక మీకు నా విన్నపము. పులికాటునుండి రామాయపట్నము వఱకు మీరు వేఱుచేసిన ప్రతి జీవిని గ్లిసరాలులో రెండు గొట్టములలో నింపి, గుంట పేరు, తేది, నీటి ఉప్పుదనము వ్రాసి, ఒకటి మీయొద్ద నుంచుకొని, రెండవదానిని చండీగఢులోని ఎంటీసీసీ సంవర్ధనకేంద్రమునకు గాని పుణెలోని జాతీయ సూక్ష్మజీవి వనరుల కేంద్రమునకు గాని పంపుడు. ఈ నెలలోనే మొదలుపెట్టుడు.