పెద్దలకు ఒక మంచి మాట
(సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



మన ఇండ్లలోని పెద్దవారి ఆరోగ్యమును గురించి మాట్లాడమని నన్ను కోరినారు. నేను వైద్యుడను కాను. కుమారునిగా నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను.

మాది మర్రిగూడ వైపు పల్లె. భూగర్భజలములోని ఫ్లోరైడు మన ప్రాంతమునకు చేసిన కీడు మీకు తెలియనిది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగితే పండ్లు గారపట్టును. మోతాదు మరీ ఎక్కువైనచోట కీళ్లు బిగుసుకొని నడుము వంగును. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరుతో దానిని తగ్గించే విధానమునకు నల్లగొండ పేరే పెట్టినారు. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత మా ఇంటి నల్లాకు కృష్ణా నీరు వచ్చింది.

అయినా మా అమ్మ బిందె బోరింగు దగ్గరకే పోయేది. "నల్లా నీళ్లు సప్పగున్నయి కొడుకా" అనేది. నేను కోపపడినాను, భయపెట్టినాను. ఫలితమేమి? నేను ఊరికి వచ్చిన రోజున ఆ బిందెను దాచిపెట్టేది.

మార్పు నా కుమార్తె వలన వచ్చింది. ఒకనాడు అన్నము తింటూ, "నానమ్మా, ఇయ్యాల చారు నల్లా నీళ్లతోనే పెట్టినవు గదా, మంచిగున్నది. రేపు గూడ గట్లనే పెట్టు" అన్నది. మరునాడు అమ్మ తానే పిలిచి చెప్పింది, చారు మాత్రమే కాదు, త్రాగుటకు కూడ నల్లా నీరే పట్టినానని.

అప్పుడు నాకు తెలిసినది ఇది. చేయని పనికి గద్దించుట కంటె, చేసిన పనిని గుర్తించుట పెద్దవారిని ఎక్కువగా కదిలించును. అయితే ఆ మాట నిజమైయుండవలెను. "నీవు చాలా మంచిదానవు" అంటే చాలదు, "ఈ రోజు బి.పి. మాత్ర వేళకు వేసుకొన్నావు" అని చేసిన పనిని చెప్పవలెను, ఆనాడే చెప్పవలెను. పసిపిల్లలను బుజ్జగించినట్లు మాట్లాడితే వారికి చిన్నతనముగా ఉండును.

వారానికి 150 నిమిషముల నడక, రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు మంచివని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అంత ఒక్కసారిగా కాదు. వాకిలి దాటి పక్కింటి అరుగు వరకు నడిచినా, తొక్కు కాస్త తగ్గించినా, ఆ కొంచెమునే మెచ్చుకొనండి. మాత్ర మానితే గద్దింపక కారణమడగండి. మాత్రలు అయిపోయి ఉండవచ్చును, చీటీ కనబడక ఉండవచ్చును. మెప్పుతో పాటు సాయమును చేయవలెను. నల్లా నీటి బిందెను మోయవలసినది మనమే.

మా అమ్మ వంగిన నడుము తిరిగి నిలువలేదు. కాని ఇప్పుడామె నా యెదుట బిందెను దాచదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి, మీ పెద్దవారు నేడు చేసిన మంచి పని ఒక్కటి వెదకి వారితో చెప్పండి.